మొలవని గింజలన్నీ చచ్చిన గింజలు కావు

వరి మొలక పరీక్షలో ఆఖరి లెక్క పద్నాలుగో రోజున ఉంటుంది. నమూనాలోంచి 400 గింజలు తీసి, వందేసి చొప్పున తడి కాగితాల మీద పేర్చి, చుట్టలు చుట్టి, వేడీ తేమా సమంగా ఉంచే జర్మినేటర్‌లో నిలబెడతాం. ఐదో రోజున ఒకసారి విప్పి లెక్కపెడతాం, పద్నాలుగో రోజున మళ్లీ విప్పుతాం. వేరూ మొలకా చక్కగా వచ్చినవి ఒక పక్కకి, వంకర పోయినవి ఇంకో పక్కకి తీసేశాక, రెండు వారాలుగా కదలకుండా ఉన్న గింజలు కొన్ని కాగితం మీద మిగులుతాయి. విత్తన పరీక్ష కేంద్రంలో ఇన్నేళ్లుగా పనిచేస్తూ నేను ఎక్కువగా ఆలోచించింది ఆ మిగిలిన గింజల గురించే.

వాటిని ఫోర్సెప్స్‌తో నొక్కి చూస్తాను. కొన్ని మెత్తగా చితికిపోతాయి, పులిసిన వాసన వస్తుంది, బూజు కూడా పట్టి ఉంటుంది. అవి చచ్చినవి. కొన్ని మాత్రం అన్ని రోజులు తడిలో నానినా గట్టిగా, శుభ్రంగా ఉంటాయి. వాటిని పిండం మధ్యగా నిలువునా కోసి టెట్రజోలియం ద్రావణంలో వేస్తే కొన్ని గంటల్లో పిండం ఎర్రబడుతుంది. బతికున్న కణాల్లోని ఎంజైములు రంగులేని ఆ మందుని ఎర్రటి పదార్థంగా మారుస్తాయి. చచ్చిన పిండానికి రంగు పట్టదు. ఎర్రబడిన గింజకి నీరు అందింది, గాలి అందింది, వెచ్చదనం అందింది, లోపల ప్రాణమూ ఉంది. అయినా మొలవలేదు.

మా రిపోర్టులో వాటికి 'తాజా మొలవని గింజలు' అని వేరే గడి ఉంటుంది. చాలామంది రైతులు ఆ గడి దాకా వెళ్లరు. వరికి మొలక 80 శాతం ఉండాలి. మొదటి గడిలో అంతకన్నా తక్కువ అంకె కనపడితే విత్తనం పోయిందనే అనుకుంటారు.

దాళ్వా (రబీ) నారుమళ్ల ముందు ఒక పెద్దాయన అలాగే రిపోర్టు చేత్తో పట్టుకుని నేరుగా వచ్చేశారు. సొంత సార్వా (ఖరీఫ్) పంటలోంచే విత్తనం కట్టుకున్నారట.

"అమ్మా, చేను చూసినోళ్లంతా మెచ్చుకున్నారు. ఎండబెట్టేటప్పుడు కూడా నేనే దగ్గరుండి చూసుకున్నాను. ఇందులో యాభై ఎనిమిదే వేశారేంటమ్మా? అప్పుడే చచ్చిపోతాయా?"

"చచ్చిపోలేదండి బాబాయ్ గారూ, నిద్రలో ఉన్నాయి. ఈ పక్క గడి చూడండి, ముప్పై నాలుగు అని రాశాం. అవన్నీ బతికున్నవే."

"నీళ్లలో వేశాక కూడా నిద్రేంటండీ?"

నిలబడి మాట్లాడుకునే కాసేపట్లో చెప్పగలిగింది చెప్పి పంపాను. కానీ ఆయన అడిగింది చాలా పెద్ద ప్రశ్న. దానికి జవాబు వెతకడానికి అమెరికా, జపాన్, నెదర్లాండ్స్, కొరియా, స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలకి దాదాపు వందేళ్లు పట్టింది. దాన్ని ఇక్కడ తీరిగ్గా రాయాలనిపించింది.

గింజ తడిస్తే మొలుస్తుందని మనం చిన్నప్పటి నుంచీ అనుకుంటాం. తడవడం ఒక్కటే చాలు అనుకుంటే, గోదావరి జిల్లాల్లో సార్వా కంకి గట్టిపడే అక్టోబరు, నవంబరు నెలల్లోనే వానలూ తుపాన్లూ వస్తాయి. తడిసిన ప్రతి గింజా కంకి మీదే మొలిచేస్తే ఆ మొలక నేలని చేరేలోపే ఎండి చస్తుంది. అడవి మొక్కల సంగతి ఇంకా కష్టం. రాలిన గింజలన్నీ మొదటి జల్లుకే లేచి, తర్వాత ఇరవై రోజులు ఎండ కాస్తే ఆ మొక్క వంశం అక్కడితో సరి. అందుకని తల్లి మొక్క మీద ఉండగానే గింజకి ఒక కట్టుబాటు తయారవుతుంది. తడిసినా సరే, ఇంకొన్ని గుర్తులు కనపడేదాకా ఆగాలని.

ఆ కట్టుబాటు పేరు అబ్సిసిక్ ఆమ్లం. 1963లో కాలిఫోర్నియాలోని డేవిస్‌లో ఆడికాట్ బృందం దీన్ని పత్తికాయల్లోంచి తీసింది. కాయలు ఎందుకు రాలుతున్నాయో తెలుసుకోవాలని వాళ్ల పరిశోధన. అదే సమయంలో వేల్స్‌లో వేరింగ్ బృందం, చెట్ల మొగ్గలు చలికాలంలో ఎందుకు నిద్రపోతాయో వెతుకుతూ ఆకుల్లోంచి ఒక పదార్థం తీసింది. రెండూ ఒకటేనని 1965లో తేలింది. కాయలు రాలడంలో దాని పాత్ర చిన్నదేనని తర్వాత అర్థమైంది. గింజ విషయంలో మాత్రం అది చాలా పెద్ద పనే చేస్తుంది. గింజ పాలుపోసుకుని గట్టిపడే దశలో ఈ హార్మోన్ లోపల పెరుగుతుంది. పిండం ఎదుగుదలని నిలిపేస్తుంది, నిల్వ ప్రొటీన్లు చేరేలా చూస్తుంది, ఎండిపోయినా చావకుండా ఉండే శక్తినిస్తుంది. ఇవాళ మనం విత్తనాన్ని 13 శాతం తేమకి ఎండబెట్టి బస్తాలో కట్టి నెలల తరబడి దాచుకోగలుగుతున్నామంటే ఆ దశలో ఈ హార్మోన్ చేసిన పనే కారణం.

అది లేకపోతే ఏమవుతుందో మొక్కజొన్నలో చూశారు. కొన్ని మొక్కజొన్న మ్యూటెంట్లు, అంటే జన్యువు మారిపోయిన మొక్కలు, ఈ ఆమ్లాన్ని తయారు చేసుకోలేవు, కొన్ని అది ఉన్నా గుర్తించలేవు. రెండు రకాల్లోనూ పొత్తు మీద ఉండగానే గింజలు మొలిచేస్తాయి. ఇది చూడ్డానికి పరిశోధనశాలకే వెళ్లక్కర్లేదు. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవిలో పడవ మీద వెళ్తే రైజోఫోరా జాతి చెట్లకి మునక్కాయల్లా పచ్చగా వేలాడేవి కనపడతాయి. చూసినవాళ్లు కాయలనుకుంటారు. నిజానికి అవి చెట్టు మీదే మొలిచిన పిల్లలు. ఆ జాతుల పిండాల్లో అబ్సిసిక్ ఆమ్లం తగ్గిపోయి ఉంటుందని పరిశోధనల్లో తేలింది. ఆటుపోట్లలో కొట్టుకుపోయే ఉప్పు బురదలో నిద్రపోయే గింజకన్నా, రాలగానే నాటుకునే పిల్లే బతుకుతుంది. ఆ చెట్టుకి నిద్ర అవసరం లేదు కాబట్టి వదిలేసింది. వరికి మన వాతావరణంలో ఆ అవసరం ఉంది.

నిద్ర లేపే హార్మోన్ జిబ్బరెల్లిన్. దాని కథ వరి పొలంలోనే మొదలైంది. నారుమడిలో కొన్ని మొక్కలు పాలిపోయి, మిగతావాటి కన్నా పొడుగ్గా పైకి లేచి, చివరికి చచ్చిపోవడం మన రైతులు చూసే ఉంటారు. అది బకానే తెగులు. 1926లో కురొసావా అనే జపాన్ శాస్త్రవేత్త తైవాన్‌లో ఆ తెగులు కలిగించే శిలీంధ్రాన్ని పెంచి, శిలీంధ్రాన్ని వడకట్టేసి, మిగిలిన ద్రవం పోసినా వరి అలాగే సాగుతుందని చూపించారు. 1930ల్లో యబుటా ఆ పదార్థానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టారు. తర్వాత తెలిసిందేమిటంటే, శిలీంధ్రం చేస్తున్న ఈ పదార్థాన్ని ప్రతి మొక్కా తనంతట తాను కొద్ది కొద్దిగా చేసుకుంటూనే ఉంది.

1960లో ఆస్ట్రేలియాలో పాలెగ్, జపాన్‌లో యోమో ఒకరికొకరు తెలియకుండానే ఒక చక్కటి సంగతి కనిపెట్టారు. బార్లీ గింజని సగానికి కోసి పిండం ఉన్న ముక్క తీసేస్తే మిగిలిన ముక్కలో పిండిపదార్థం అలాగే ఉండిపోతుంది. ఆ ముక్కకి జిబ్బరెల్లిన్ ఇస్తే పిండి కరిగి చక్కెరవుతుంది. అంటే మొలవబోయే పిండం జిబ్బరెల్లిన్‌ని బయటికి పంపుతుంది. అది తవుడు పొరని చేరుతుంది, ఆ పొర అమైలేజ్ అనే ఎంజైముని వదులుతుంది, పిండి కరిగి పిండానికి ఆహారమవుతుంది. అబ్సిసిక్ ఆమ్లం ఉంటే ఈ పని జరగదు. మిల్లులో మనం తీసేసే తవుడులో ఆ పొర కూడా ఉంటుంది. గింజలో పిండి ఉన్న భాగం ప్రాణం లేని నిల్వ సరుకే, ఆ పల్చటి పొర మాత్రం బతికి ఉంటుంది.

ఇంటర్ బైపిసి పిల్లలు ఈ రెండు హార్మోన్లనీ 'ఇది ఆపుతుంది, అది లేపుతుంది' అని బట్టీపట్టి ఎంట్రెన్స్ పరీక్ష‌లో మార్కు తెచ్చుకుంటారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఇవి రెండూ ఒకదానితో ఒకటి ఎలా తూగుతాయో చూపించిన ప్రయోగం వాళ్లకి ఎవరూ చెప్పరు, నాకు ఆ బాధ ఉంది. నెదర్లాండ్స్‌లోని వాగనింగన్‌లో కోర్నీఫ్ బృందం 1982లో ప్రచురించిన పని అది. అరబిడాప్సిస్ అనే ఆవాల జాతి చిన్న మొక్కలో జిబ్బరెల్లిన్ చేసుకోలేని మ్యూటెంట్ ఉంది. దాని గింజలు పైనుంచి ఆ హార్మోన్ ఇవ్వకపోతే అసలు మొలవవు. అలాంటి గింజల్లో కొత్త మ్యూటేషన్లు కలిగించి తడిపి చూస్తే కొన్ని మొలిచాయి. అవి జిబ్బరెల్లిన్ మళ్లీ సంపాదించుకోలేదు. అబ్సిసిక్ ఆమ్లం చేసుకునే శక్తిని కోల్పోయాయి. ఆపేది లేనప్పుడు, లేపేది లేకపోయినా గింజ లేచింది. ఒక్కొక్క హార్మోన్ ఎంత ఉందన్నది కాదు, వాటి మధ్య తూకం ఎటు మొగ్గిందన్నది గింజకి ముఖ్యం. ఆ తూకాన్ని కదిపేవి బయటి పరిస్థితులు. వాటన్నిటిలో నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచేది వెలుతురు.

వరిని చీకట్లో పెట్టినా వెలుతురులో పెట్టినా పెద్దగా పట్టించుకోదు. పొగాకు అలా కాదు. పొగాకు గింజలు గ్రాముకి పదివేలకు పైనే ఉంటాయి. మా దగ్గర పొగాకు నమూనా వస్తే కాగితం చుట్టలో పెట్టం. తడి కాగితం మీద పైపైన పరిచి, పొటాషియం నైట్రేట్ ద్రావణంతో తడిపి, రోజులో 8 గంటలు దీపం వెలుగులో ఉంచుతాం. రాత్రి 20 డిగ్రీలు, పగలు 30 డిగ్రీలు. ఈ మూడింటిలో ఏది తీసేసినా కొన్ని నమూనాల్లో మొలక పడిపోతుంది. 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థని రాజమండ్రిలోనే పెట్టారు కాబట్టి మా ప్రాంతంలో పొగాకు నారుమళ్ల పద్ధతి అందరికీ తెలిసిందే. ఎత్తు మళ్లు కడతారు, గింజని ఇసుకలో కలిపి చల్లుతారు, పైన పల్చగా వరిగడ్డో తాటాకో పరుస్తారు. మట్టి మాత్రం కప్పరు. అంత చిన్న గింజలో దాచుకున్న ఆహారం ఎంత? రెండు అంగుళాల లోతున మొలిస్తే పైకి రాకముందే అది అయిపోతుంది. అందుకే వెలుతురు తగిలితే తప్ప మొలవకూడదని దాని కట్టుబాటు. వెలుతురు మట్టిలోకి కొద్ది మిల్లీమీటర్లకి మించి దిగదు. కాబట్టి వెలుతురు తగిలిందంటే పైభాగం దగ్గర్లోనే ఉందని ఆ గింజకి రుజువు దొరికినట్టే.

అయితే గింజకి కళ్లు లేవు కదా, వెలుతురు తగిలిందని ఎలా తెలుస్తుంది? మేరీలాండ్‌లోని బెల్ట్స్‌విల్‌లో అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ బోర్త్‌విక్ అనే వృక్షశాస్త్రవేత్త, హెండ్రిక్స్ అనే రసాయన శాస్త్రవేత్త, మరియన్ పార్కర్, విత్తనాల మీదే పనిచేసే ఎబెన్ టూల్, వివియన్ టూల్ కలిసి 1952లో ఒక పత్రం ప్రచురించారు. విత్తన పరీక్ష చేసేవాళ్ల చేతుల మీదుగా ఇంత పెద్ద సంగతి బయటపడిందంటే నాకు సొంతవాళ్ల గెలుపులా ఉంటుంది. వాళ్లు వాడింది గ్రాండ్ రాపిడ్స్ అనే లెట్యూస్ (సలాడ్ ఆకుకూర) రకం. దాని గింజలు చీకట్లో చాలా కొద్దిగా మొలుస్తాయి. ఎర్ర వెలుతురు, సుమారు 660 నానోమీటర్లది, ఒక్క నిమిషం చూపిస్తే ఎక్కువ శాతం మొలుస్తాయి. ఆ వెంటనే 730 నానోమీటర్ల సుదూర ఎరుపు, మన కంటికి దాదాపు ఆననిది, నాలుగు నిమిషాలు చూపిస్తే మళ్లీ మొలవడం మానేస్తాయి. ఆ తర్వాత మళ్లీ ఎరుపు చూపిస్తే? మొలుస్తాయి. ఇలా ఎన్నిసార్లు మార్చినా ఆఖరున చూపించిన రంగే లెక్క. వాళ్ల పట్టికల్లో ఒకటి నాకు కంఠస్థం: ఎరుపు 70 శాతం, దానిపై సుదూర ఎరుపు 6, మళ్లీ ఎరుపు 74, మళ్లీ సుదూర ఎరుపు 6.

అంటే గింజలో ఏదో ఒక వర్ణకం ఉండాలి. ఎరుపు పీల్చుకున్నప్పుడు ఒక రూపంలోకి, సుదూర ఎరుపు పీల్చుకున్నప్పుడు ఇంకో రూపంలోకి అది మారుతుండాలి. 1959లో బట్లర్, నోరిస్ తదితరులు చీకట్లో పెంచిన మొక్కజొన్న మొలకల్లో ఆ వర్ణకాన్ని పరికరంతో పట్టుకున్నారు. అదే ఫైటోక్రోమ్.

ఈ రంగుల తేడా పొలంలో ఎందుకు పనికొస్తుందంటే, పచ్చటి ఆకు ఎరుపుని పీల్చేసుకుని సుదూర ఎరుపుని కిందికి వదిలేస్తుంది. ఆరుబయట ఎండలో ఈ రెండూ దాదాపు సమానంగా ఉంటాయి. దట్టమైన ఆకుల కింద సుదూర ఎరుపే ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి చెట్టు నీడలో పడ్డ గింజ వెలుతురుని చూస్తూ కూడా ఆగగలదు. తన మీద మట్టి ఉందా అని మాత్రమే కాదు, ఇంకో మొక్క ఆకు ఉందా అని కూడా ఈ వర్ణకంతో అది తెలుసుకుంటోంది. ఈ విషయం మొదటిసారి చదివినప్పుడు పక్క బల్ల దగ్గర ఉన్న సహోద్యోగిని ఆపి మరీ చెప్పాను.

వెలుతురుకీ హార్మోన్లకీ సంబంధం ఉందని 1957లోనే తెలిసింది. చీకట్లో ఉన్న లెట్యూస్ గింజలకి జిబ్బరెల్లిన్ ఇస్తే ఎర్ర వెలుతురు లేకుండానే మొలిచాయి. మధ్యలో ఉన్న మెట్లు తెలియడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. 1998లో జపాన్ శాస్త్రవేత్తలు ఎర్ర వెలుతురు తగలగానే జిబ్బరెల్లిన్ తయారీలో ఆఖరి మెట్టుకి సంబంధించిన జన్యువు పనిచేయడం మొదలెడుతుందని చూపించారు. 2004లో కొరియాలో చోయ్ బృందం, చీకట్లో గింజని ఆపుతున్న ఒక ప్రొటీన్‌ని అరబిడాప్సిస్‌లో పట్టుకుంది. దాన్ని పి.ఐ.ఎఫ్.1 అంటున్నారు. చీకట్లో అది కేంద్రకంలో కూర్చుని జిబ్బరెల్లిన్ తయారీని తగ్గించి, అబ్సిసిక్ ఆమ్లం తయారీని పెంచే వైపు జన్యువుల్ని తిప్పుతుంది. ఎరుపు తగిలిన ఫైటోక్రోమ్ కేంద్రకంలోకి వచ్చి దాన్ని ముట్టుకోగానే ఆ ప్రొటీన్ నిమిషాల్లో విరిగిపోతుంది. ఇక తూకం అటు నుంచి ఇటు వస్తుంది. జిబ్బరెల్లిన్ వచ్చాక అది చేసే పని కూడా ఇంకో ఆటంకాన్ని తొలగించడమే. డెల్లా అనే ప్రొటీన్లు ఎదుగుదలని పట్టి ఆపుతుంటాయి. జిబ్బరెల్లిన్‌ని పట్టుకునే గ్రాహకాన్ని 2005లో జపాన్‌లోని నాగోయాలో కనిపెట్టారు, అదీ వరిలోనే. ఆ గ్రాహకం హార్మోన్‌తో కలిసి డెల్లాలని పట్టిస్తుంది, కణం వాటిని ముక్కలు చేస్తుంది. మొలవడం అనే పని గింజలో ముందే సిద్ధంగా ఉంది. ఒకదాని మీద ఒకటి వేసిన ఆటంకాలు వరసగా తీసేయడమే మొలకెత్తడం.

2012లో జెనీవాలో లోపెజ్-మోలినా బృందం చేసిన పని ఇంకా నాజూకైనది. అరబిడాప్సిస్ గింజల పైపొరల్ని పిండాల నుంచి వేరు చేసి, ఆ పొరల్ని కింద పరిచి, వాటి మీద వేరే గింజల పిండాల్ని పెట్టారు. సుదూర ఎరుపు చూపిస్తే కింది పొర అబ్సిసిక్ ఆమ్లాన్ని వదిలి పిండాన్ని ఆపింది. వెలుతురుని చూసి ఆపాలని తీర్మానించేది ఆ దశలో పిండం కాదు, దాన్ని చుట్టుకున్న పల్చటి పొర. పిండం తన వంతు వెలుతురుని తాను వేరే ఫైటోక్రోమ్‌తో చూసుకుంటుంది. ఆవగింజ కన్నా చిన్న గింజలో ఇద్దరు కాపలా ఉన్నారన్నమాట.

దీని ఫలితం రైతు రోజూ చూసేదే. దున్నిన వారానికి చేనంతా కలుపు. పైకి వచ్చిన గింజల్లో ఎన్నో ఏళ్లుగా లోపల ఉన్నవి కొన్ని. మట్టిలో తడిగా చీకట్లో ఉన్న కొద్దీ కొన్ని కలుపు గింజలు వెలుతురుకి విపరీతంగా స్పందించేలా తయారవుతాయి. మన ఉమ్మెత్తకి దగ్గరి చుట్టమైన ఒక కలుపు మీద అర్జెంటీనా శాస్త్రవేత్తలు 1991లో చూపించింది ఇదే: నాగలి తిరగేసినప్పుడు రెప్పపాటు కన్నా తక్కువసేపు ఎండ తగిలి, మళ్లీ మట్టి కింద పడిపోయినా ఆ గింజకి అది చాలు. జర్మనీలో 1990లో రాత్రిపూట దున్ని చూశారు. కొన్ని రకాల కలుపు బాగా తగ్గింది. మన పొలాల్లో రాత్రి దున్నమని నేను చెప్పడం లేదు, ఎందుకంటే అన్ని కలుపులూ వెలుతురు మీద ఆధారపడవు. కానీ వెదజల్లే వరిలో, డ్రమ్ సీడర్ వరిలో ఊద, గింజతో వచ్చే తుంగ రకాలు ఎందుకంత విరుచుకుపడతాయని అడిగేవాళ్లకి ఇది సగం జవాబు. ఆ గింజలు పైపొరలో, వెలుతురులో, నిలవ నీరు లేకుండా ఉంటాయి.

అలా ఆగగలిగిన గింజ ఎంత కాలం ఆగుతుంది? 1879లో మిషిగన్‌లో బీల్ అనే ఆచార్యుడు 20 సీసాల్లో ఇసుకతో కలిపి కలుపు గింజలు నింపి పాతిపెట్టారు. ఇప్పటికీ ఆయన తర్వాతి వాళ్లు కొన్నేళ్లకో సీసా తీస్తున్నారు. గింజలకి వెలుతురు తగలకూడదని రాత్రి చీకట్లోనే తవ్వుతారు. 2021లో తీసిన సీసాలో, 142 ఏళ్ల తర్వాత, వెర్బాస్కమ్ అనే కలుపు గింజలు మొలిచాయి. తర్వాతి సీసా 2040లో.

ఇక ఆ బాబాయ్ గారి వరి దగ్గరికి వద్దాం. కోసిన కొత్తలో వరి గింజలో అబ్సిసిక్ ఆమ్లం పట్టు ఇంకా గట్టిగా ఉంటుంది. పొడిగా, వెచ్చగా నిల్వ ఉన్న కొద్దీ ఆ పట్టు తనంతట తానే సడలుతుంది. మా తాతగారి కాలంలో విత్తనపు ధాన్యం పురి కట్టి వేసవంతా ఉంచేవారు. జూన్‌లో తీసి మండె కడితే (నానిన గింజల్ని మొలకకి మూట కట్టి ఉంచితే) ఎవరూ నిద్ర అనే మాటే ఎత్తనక్కర్లేకపోయేది. నవంబరులో కోసిన ధాన్యాన్నే డిసెంబరులో నారు పోయాలంటే మాత్రం ఆ సమయం దొరకదు. ల్యాబ్‌లో మేం ఆ వేసవిని కుదించి, 50 డిగ్రీల వేడిలో కొన్ని రోజులు పెడతాం. లేదా నత్రికామ్లం (నైట్రిక్ యాసిడ్) కలిపిన నీళ్లలో నానబెడతాం. నైట్రేట్ తగలగానే అబ్సిసిక్ ఆమ్లాన్ని విరిచే ఎంజైము జన్యువు చురుగ్గా పనిచేస్తుందని అరబిడాప్సిస్‌లో 2016లో స్పష్టంగా చూపించారు. ఇంకే మొక్కా వాడుకోని ఖాళీ నేలలోనే నైట్రేట్ ఎక్కువగా మిగులుతుంది. గింజకి అదీ ఒక గుర్తే.

నాకు కోపం తెప్పించే విషయం ఒకటుంది. నిద్రని జబ్బులా చూడటం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోసి పనల మీద ఉన్న వరి ఎంత నీట మునిగిందో కోస్తా వాళ్లందరికీ గుర్తే. అలాంటి రోజుల్లో నిద్ర లేని రకం కంకి మీదే మొలుస్తుంది, రెండు వారాల నిద్ర ఉన్న రకం నీరు తీసేదాకా ఆగుతుంది. మొలకెత్తిన ధాన్యాన్ని ఎవరు కొంటారు? లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పనల మీద చల్లమని వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పేది కూడా ఆ నిద్రని పొడిగించడానికే. ఉప్పు నీటిలో గింజ నీరు లాక్కోవడం నెమ్మదిస్తుంది.

సాగులోకి వచ్చిన వేల ఏళ్లలో వరి తన నిద్రలో చాలా భాగం పోగొట్టుకుంది. చల్లగానే అన్నీ ఒకేసారి లేవాలని మనిషి ఏరుకున్న గింజలు కదా. 2010లో జపాన్‌లో నిద్రని నియంత్రించే ఎస్.డి.ఆర్.4 అనే జన్యువుని పట్టుకున్నప్పుడు, దాని బలమైన రూపం కసలత్ అనే ఇండికా వైపు రకంలో దొరికింది. కలుపు వరిలో ఎర్ర బియ్యం ఇంకో ఉదాహరణ. బియ్యానికి ఎరుపు ఇచ్చే జన్యువే ఆ గింజలో అబ్సిసిక్ ఆమ్లాన్ని పెంచుతుందని 2011లో చూపించారు. స్వచ్ఛత పరీక్షలో ఎర్ర గింజ కనపడితే మేం అంత కటువుగా ఉండేది అందుకే. అది చేలో రాలి, నిద్రపోయి, తర్వాతి పంటలో లేస్తుంది. పొట్టి వరి రకాలకి పొట్టితనాన్నిచ్చిన జన్యువు జిబ్బరెల్లిన్‌ని తగ్గించేదేనని, అదే గింజ నిద్రని కూడా కొంత పెంచుతుందని 2015లో తెలిసింది. హరిత విప్లవం మనకి తెలియకుండానే కొంచెం నిద్రని తిరిగి ఇచ్చింది.

రాయలసీమ వేరుశనగలోనూ ఇదే గొడవ. గుత్తి రకాల్లో నిద్ర లేదు, పీకే ముందు వాన పడితే కాయలోనే మొలుస్తాయి. వర్జీనియా రకాల్లో ఉంది. దాన్ని లేపడానికి ఇథిలీన్ పనికొస్తుంది. పటాన్‌చెరు అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో గుత్తి రకాలకి రెండు మూడు వారాల నిద్ర తేవాలని ఎప్పటి నుంచో పనిచేశారు.

విత్తనం కొనేటప్పుడు అందరూ ఎన్ని రోజుల పంట, ఎకరానికి ఎన్ని బస్తాలు, సన్నమా దొడ్డా అని అడుగుతారు. ఎన్ని వారాల నిద్రావస్థ ఉందో కూడా అడగండి. మార్టేరు వరి పరిశోధన కేంద్రం రకాల వివరాల్లో చాలావాటికి అది రాసే ఉంటుంది. నవంబరులో కోతకొచ్చే చేనుకి నిద్ర ఉన్న రకం కావాలి. అదే ధాన్యం దాళ్వా విత్తనానికి కావాలంటే లేపడం మీ చేతిలో పని.

లేపే పద్ధతి ఇది. ప్లాస్టిక్ తొట్టి తీసుకోండి, ఇనుముది వద్దు. కిలో విత్తనానికి లీటరు నీరు లెక్క. నిద్ర తక్కువుంటే లీటరుకి 6.3 మిల్లీలీటర్లు, ఎక్కువుంటే 10 మిల్లీలీటర్లు గాఢ నత్రికామ్లం. ముందు నీళ్లు పోసి, నీళ్లలోకి ఆమ్లం నెమ్మదిగా పోయాలి, ఆమ్లంలోకి నీళ్లు పోయకూడదు. చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు ఉండాలి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. 24 గంటలు నానాక మంచినీళ్లతో బాగా కడిగి మరో 24 గంటలు మండె కట్టాలి. అనుమానం ఉంటే మొత్తం విత్తనం మీద చేసే ముందు ఒక గుప్పెడు ఆమ్లంలో, ఒక గుప్పెడు ఉత్త నీళ్లలో నానబెట్టి పక్కపక్కన తడి గోనె మీద పెట్టి చూడండి. రెండోది కదలకుండా మొదటిది మొలిస్తే అవి నిద్రలో ఉన్న గింజలే. రెండూ మొలవకపోతేనే వేరే విత్తనం వెతుక్కోండి. బాబాయ్ గారు ఇలాగే గుప్పెడు గింజలతో చూసుకుని, తన విత్తనంతోనే నారు పోశారు.